భుజం దిండు

ఒంటరిగా ప్రయాణించేవాళ్ల కోసమని ఎవరో డిజైనర్ మనిషి భుజం ఆకారంలో ఒక దిండు తయారుచేశాడు. దానికి కాలరు, జేబు కూడా ఉన్నాయి. ఒరిగేందుకు నాకు వేరే భుజమేదీ లేదు కాబట్టి కొన్నాను.

బరంపురం నుంచి చికిటి వెళ్లే బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకున్నాను. పక్కసీటు పెద్దావిడ భర్త పెద్దాసుపత్రిలో ఉన్నాడట. మరిదిని కాపలా ఉంచి, బట్టలకని ఇంటికెళ్తోంది. నిద్రలేక కళ్లు ఎర్రబడ్డాయి.

"ఏటి బాబూ అది? సొక్కా ఉంది, మడిసేడీ?"

"దిండమ్మా. తల పెట్టి చూడండి."

పెట్టి చూసింది. కాసేపటికి తిరిగిచ్చేసింది.

"మెత్తగానే ఉంది నాయినా. ఊపిరి తియ్యదు గదా, నిద్దరట్టదు."

అడగకుండానే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నేను దగ్గు కూడా ఆపుకున్నాను.

చికిటిలో లేచి నా భుజం తడిమింది. "నొప్పెట్టిందేటి?"

"కంపెనీది కాదు కదమ్మా, కొంచెం పెడుతుంది," అన్నాను. నవ్వుతూ దిగిపోయింది.

దిండు కవరు ఉతికితే కొత్తదానిలా వచ్చింది. చొక్కా భుజాన ఆవిడ కొబ్బరినూనె మరక మాత్రం ఇంకా పోలేదు. గట్టిగా రుద్దలేదనుకోండి.