అభ్యంతరం చెప్పిన మేనమామ

లా చదివి షామియానాలు వేసుకుందని మా పెద్ద వదిన ఇప్పటికీ నవ్వుతుంది. ఆమెకు జవాబుగా కాదు ఇది రాయడం. మొన్న శ్రీకాకుళంలో ఒక చర్చి పెళ్ళికి అతిథిగా వెళ్ళినప్పుడు, పాస్టరుగారు ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడగ్గానే నా కళ్ళు తమంతట తామే పెళ్ళికొడుకు మేనమామను వెతికాయి. ఆయన ఫోను చూసుకుంటున్నాడు. ఎందుకు వెతికానో తెలిసినవాళ్ళం తగ్గిపోతున్నాం కనుక రాసిపెడుతున్నాను.

రెండువేల పది దాటిన తొలి రోజులవి. చట్టం సగం కాలేజీలో చదివితే, మిగతా సగం శాఖా గ్రంథాలయంలో, గాలి తక్కువా చప్పుడెక్కువా అయిన ఫ్యాను కింద చదువుకున్నాను. కోర్టులో సీనియరుగారి దగ్గర కొన్నాళ్ళు పనిచేసి, నల్లకోటు బీరువాలో పెట్టి ఈవెంట్ మేనేజ్‌మెంటులోకి వచ్చాను. మావైపు అప్పట్లో ఆ మాటకు డెకరేషనోళ్ళు అనే అర్థం.

దొరికిన మొదటి పెద్ద పని, ఆమదాలవలస బియ్యం వర్తకుల అబ్బాయికీ బాప్టిస్టు కుటుంబపు అమ్మాయికీ పెళ్ళి. హిందూ పిల్లవాడికి చర్చిలో పెళ్ళి చెల్లుతుందా అని మగపెళ్ళివారు జంకితే, ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే చాలునన్న సెక్షను చదివి వినిపించి ఒప్పించింది నేనే. ఆ పెళ్ళి ఆగితే నా మాటా పోతుంది, నా వ్యాపారమూ పోతుంది.

పెళ్ళినాడు చర్చిలో పాస్టరుగారు ఆనవాయితీగా అడిగారు, అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే చెప్పమని.

“ఉన్నాదండీ! నాకున్నాది!” అంటూ పెళ్ళికొడుకు మేనమామ లేచాడు.

పాస్టరుగారు పుస్తకం మూసేశారు. నేను పరుగున వెళ్ళి మేనమామ ముందు నిలబడ్డాను. నోట్లోంచి మాత్రం సీనియరుగారి గొంతే వచ్చింది.

“మావయ్యగారూ, అబ్బాయికి ఇంతకుముందు పెళ్ళయిందా?”

“సీ సీ! ఏటమ్మా ఆ మాటలు?”

“వయసు చాలదా?”

“ముప్పయ్యేళ్ళ గాడిద.”

“ఎవరైనా బలవంతం చేశారా?”

“ఎవులు సేస్తారు? ఆ పిల్లే కావాలని ఆడే కూడు మానేసినాడు.”

“మరి అభ్యంతరం ఏమిటండీ?”

“మేనమావని నేనొకడ్ని ఉన్నాను కదా! మా ఇళ్ళల్లో నా సెయ్యి అట్టుకోకుండా పెళ్ళికొడుకు పీటలకాడికెళ్ళడు. ఈడు ఒక్కడే నడిసొచ్చీసినాడు. బతిమాలడానికి ఒక్కడు రాలేదు. అంతలో ఆయనే అడిగినాడు, సెప్పినాను.”

అప్పుడర్థమైంది. వాళ్ళ పెళ్ళిళ్ళలో మేనమామ అలగడానికీ, అందరూ బతిమాలడానికీ ఒక ఘడియ ఉంటుంది. పాస్టరుగారి ప్రశ్నే ఆ ఘడియ అనుకున్నాడాయన. చట్టప్రకారం ఇది అభ్యంతరం కాదు, అలక అని పాస్టరుగారికి విన్నవించాను. చర్చంతా గొల్లున నవ్వింది, పెళ్ళికూతురుతో సహా. ఆ మంచి పాస్టరుగారు పెళ్ళికొడుకును మళ్ళీ గుమ్మం దగ్గరకు పంపారు. మేనమామ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు, ఎంత దర్జాగా అంటే పాట అయిపోయినా సగం దూరమే వచ్చాడు, గాయక బృందం మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది.

ఆ తర్వాత కొత్తవలస నుంచి కూడా పెళ్ళివారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఇప్పటి పిల్లలు చెవుల్లో మైకులతో నాకంటే చక్కగా నడిపిస్తున్నారు, ఎక్కడా తడబాటు లేదు. అలిగేవాళ్ళూ లేరు.

అడిగిన పుస్తకమల్లా వెతికిచ్చిన లైబ్రేరియన్‌గారికి, ప్రశ్నించడం నేర్పిన సీనియరుగారికి, పుస్తకం మళ్ళీ తెరిచిన పాస్టరుగారికి, ఎద్దేవా చేస్తూనే పెళ్ళిళ్ళకు నాతో పూలు కట్టిన పెద్ద వదినకు నా నమస్కారాలు. ఇప్పుడు లేని ఆ మేనమామకు మరొకటి ఎక్కువ, అడగ్గానే లేచి నిలబడినందుకు.