గోడబీరువాలో ఆఖరి అధ్యాయం

ఉప్పల్ దగ్గరి ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో ఉద్యోగ జీవితమంతా యంత్రాల కంపనాలు కొలిచిన విశ్వనాథానికి, రిటైరయ్యాక తన కంఠంలో ఏదో విశేషం ఉందని నమ్మకం కుదిరింది. ఈ నమ్మకానికి ఆధారం భార్య సూర్యకళ కాదు. ఆవిడ కాకినాడ నుంచి కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ కంఠాన్ని వింటూనే ఉంది. ఆధారం ఒక వాట్సాప్ గ్రూపు. కాపీహక్కులు తీరిపోయిన పాత తెలుగు పుస్తకాలను చదివి, రికార్డు చేసి, ఎవరైనా ఉచితంగా వినేలా ఇంటర్నెట్లో పెట్టే సాహిత్య సేవకుల మండలి అది.

నాచారంలో వాళ్ళింటి స్టూడియో అంటే పడకగదిలోని గోడబీరువా. సూర్యకళ పట్టుచీరల మధ్య స్టూలు వేసుకుని తలుపు మూసుకుంటే ప్రతిధ్వని రాదు. పక్కింటి వాళ్ళు పై అంతస్తుకు టైల్సు కోయిస్తున్నారు కనుక, కోత ఆగే భోజనవేళే సాహిత్యానికి ముహూర్తం. అలా ఒక లావుపాటి పాత నవలను ఒంటిగొంతుతో ఆఖరి అధ్యాయం దాకా లాక్కొచ్చాడు.

అక్కడ గొంతు బొంగురుపోయింది. డాక్టరు కెమెరా దింపి చూసి, స్వరపేటికలో గడ్డ ఉందన్నాడు. సోమవారం ఆపరేషన్. పేటిక మొత్తం తీసేయాలని, ఇక ఈ గొంతు ఉండదని, రైలు ఆలస్యం గురించి చెప్పినంత నిదానంగా చెప్పాడు. వాపు పెరిగితే ఊపిరి అందదు, ఆపరేషన్ దాకా మాట్లాడొద్దన్నాడు. మాట్లాడటం వేరు, చదవడం వేరని విశ్వనాథం కాగితం మీద వాదించాడు. సూర్యకళ ఆ కాగితాన్ని చెత్తబుట్టలో వేసింది.

శుక్రవారం ఆవిడ మందులకు వెళ్ళగానే బీరువాలో దూరాడు. మండలిలో ఒక ఆచారం ఉంది: చదివే ముందు కాసేపు మౌనంగా కూర్చోవాలి. ఆ మౌనంలో పడ్డ గది చప్పుడును గుర్తుపెట్టుకుని, కంప్యూటరు దాన్ని రికార్డింగంతటి నుంచీ ఏరేస్తుంది. విశ్వనాథం మౌనంగానే కూర్చున్నాడు. గొంతులోని గురగుర మాత్రం మౌనం పాటించలేదు. తీరా చదివిందంతా కూడా ఆ గురగురే. కంప్యూటరు తన ధర్మం నిర్వర్తించింది. శుభ్రపడ్డ దాన్ని వినే ఓపిక లేక అలాగే పంపి, అసలుదాన్ని చెరిపేశాడు. ప్రయోగశాలలో కింది ఉద్యోగి ఈ పని చేసి ఉంటే మెమో ఇచ్చేవాడు.

పంపినవి విని తప్పులు పట్టే బాధ్యత మౌలాలిలో ఉండే హరిచందనది. సాయంత్రం ఆ అమ్మాయి చేసిన ఫోను సూర్యకళ ఎత్తింది.

"ఆంటీ, సార్ పంపిన ఫైల్ మొత్తం ఖాళీగుంది. సదివిన్రా, ఊకెనే కూసున్నరా?"

సూర్యకళకు సంగతి అప్పుడు తెలిసింది. ఆవిడ అన్నవన్నీ ఇక్కడ రాయనక్కరలేదు. జవాబు చెప్పలేని మనిషితో పోట్లాట తొందరగానే ముగుస్తుంది.

ఆదివారం టైల్సు కోత లేదు. విశ్వనాథం ఆవిడ ఎదురుగానే బీరువా తలుపు తెరిచాడు. ఆవిడ ఆపలేదు; మంచినీళ్ళ గ్లాసుతో బయట నేల మీద కూర్చుంది. లోపల్నుంచి వచ్చినదాన్ని చదువు అనడానికి లేదు. ఎండుటాకుల మీద ఎవరో కాళ్ళీడ్చుకుంటూ పోతున్నట్టుంది. దగ్గు, దగ్గు తరువాత అదే వాక్యం మళ్ళీ మొదటి నుంచి. చివరి పేజీకి పెదవుల కదలికే మిగిలింది. తలుపు తీసేసరికి అతని మొహం నల్లబడి ఉంది. ఈసారి దేన్నీ శుభ్రం చేయకుండా పంపాడు.

హరిచందన మళ్ళీ ఫోన్ చేసింది. సూర్యకళ స్పీకర్లో పెట్టింది.

"సార్ మస్తు కష్టపడ్డరు ఆంటీ. గని ఆఖరి పేజీ ఇనొస్తలేదు. ఒక్క అధ్యాయం ఇద్దరు సదవొద్దని మన గ్రూపుల రూల్. అధ్యాయం మొత్తం ఇంకో రీడర్ ధీరజ్ అన్నతోని సదివియ్యాల్నా? సార్‌ను జర అడుగుర్రి."

విశ్వనాథం రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. ఇంకొక్కసారి అన్నట్టు వేలు చూపించాడు. సూర్యకళ ఆ వేలును చూసింది. అతని మెడ దగ్గర ఎగిరిపడుతున్న నరాన్ని చూసింది.

"ఇచ్చేయమంటున్నారమ్మా," అంది.

కాదనడానికి విశ్వనాథం నోరు తెరిచాడు. సార్‌ది పెద్ద మనసని, ఆపరేషన్ మంచిగ అయితదని, ఫికర్ చెయ్యొద్దని హరిచందన ఫోనులో చెబుతూనే ఉంది. అతను ఇంకా నోరు తెరిచే ఉన్నాడు.