కరిన్యాన్‌ని కాజేసిందెవరు?

నది ఒడ్డునున్న సేగూ ఊరి బజారులో జుమానా కూలిబాలి నమ్మనివి చాలా ఉండేవి. తూకం రాళ్ళను నమ్మడు. నవ్వుతూ వచ్చిన బేరాన్ని నమ్మడు. వాన పడుతుందని రేడియోలో చెబితే ఆ రోజు బల్ల మీద టార్పాలిన్ కూడా కప్పడు. అలాంటి మనిషి పాటల్ని మాత్రం నమ్మేవాడు. ఆ సోమవారం సంతతో ఆ ఒక్క నమ్మకమూ పోయింది. ఎవరో పాటల్లోంచి కరిన్యాన్‌ని తీసేస్తున్నారని అతనికి అనుమానం పట్టుకుంది.

కరిన్యాన్ ఏమంత గొప్ప వాయిద్యం కాదు. జానెడు ఇనుప గొట్టం, దాన్ని గీయడానికి ఒక సన్నటి కడ్డీ. వేటగాళ్ళ పాటల్లో తంతి వాద్యం వెనక కూర్చుని కిర్రు కిర్రుమంటూ ఉంటుంది. వినేవాళ్ళలో సగం మంది దాన్ని పట్టించుకోరు. జుమానా ముందు దాన్నే వింటాడు. క్యాసెట్ల రోజుల నుంచి మెమరీ కార్డుల రోజుల దాకా ఇరవై రెండేళ్ళుగా పాటల నకళ్ళు తీసి అమ్ముతున్న అతనికి అదే గీటురాయి. నకలు తీసేటప్పుడు పాటలో మొదట చచ్చేది ఆ సన్నటి చప్పుడే. అది బతికుంటే నకలు మంచిది. "కరిన్యాన్ చచ్చిన పాట నా చేతి మీదుగా పోయిన రోజున ఈ బల్ల మడిచేస్తాను" అని బజారంతా వినేలా ఎన్నిసార్లన్నాడో లెక్కలేదు. పక్క వీధిలో కార్డులకు పాటలెక్కించేవాళ్ళు ఇంకో నలుగురున్నా, లారీ డ్రైవర్లూ నది మీది జాలర్లూ వెతుక్కుంటూ ఇతని దగ్గరకే వచ్చేది ఆ చెవి కోసమే.

ఆ సోమవారం పొద్దున్న వేటగాళ్ళ సంఘం పెద్ద సూంగాలో వచ్చాడు. ఆదివారం వాళ్ళ సమావేశం. ఎన్నడో పాడిన తమ సంఘం పాటల్ని నలభై కార్డుల్లో ఎక్కించి అందరికీ పంచాలట.

"ఆ పాటలు ఇంటర్నెట్లోంచి దించుకోవచ్చంటున్నారు. ఫోన్లో నేరుగా వినే దాంట్లోనూ ఉన్నాయంటున్నారు. రేడియో వాళ్ళ దగ్గర పాత రికార్డు ఉందట. ఏది మంచిదో మాకేం తెలుసు తమ్ముడూ? నీ చెవి ఏదంటే అదే," అని చెప్పి తుపాకీ భుజాన సర్దుకుని వెళ్ళిపోయాడు.

జుమానా ముందు ఇంటర్నెట్లోంచి దించాడు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. తంతులున్నాయి, గొంతుంది, కరిన్యాన్ లేదు. ఇంకో చోటి నుంచి దించాడు. అందులోనూ లేదు. హెడ్‌ఫోన్ మార్చాడు, వైరు మార్చాడు, చివరికి ఎండ తగులుతోందేమోనని కుర్చీ కూడా మార్చాడు.

"దొంగవెధవలు! పాటని నొక్కి నొక్కి చిన్నది చేసి, సన్న చప్పుడంతా పిండేశారు," అన్నాడు పైకే.

పక్కన మూకుట్లో అలసంద వడలు వేస్తున్న న్యాగలే కేయిటా తలెత్తింది. "ఒరే అలసందల తిండిబోతూ! పొద్దుట్నించీ ఆ పెట్టెకేసి అలా గుడ్లురుముతున్నావేంట్రా? అది నీకేమైనా వడలు పెడుతుందా?"

"ఇందులో కరిన్యాన్ లేదే."

ఆమె జిడ్డు చెయ్యి కొంగుకి తుడుచుకుని, హెడ్‌ఫోన్ ఒక పక్క చెవికి ఆనించుకుంది. "నీ మొహం! ఉంది కదరా, కాస్త పల్చగా. అలసందలు తిని తిని నీ చెవుల్లో మొలకలొచ్చాయి. పోయి పీకించుకో."

"కేయిటాల ఇంట పుట్టినదాని మాట నేను నమ్మాలా? మా తాతల నాటి బానిసవి, నువ్వా నాకు పాటలు చెప్పేది!"

"ఆ బానిస వేసిన వడలే కదరా నువ్వు రోజూ మింగుతున్నావ్!"

కూలిబాలిల వంశానికీ కేయిటాల వంశానికీ మధ్య ఇది ఎన్ని తరాల నుంచో ఉన్న చనువు. ఎంత మాటైనా అనుకోవచ్చు. రోషం తెచ్చుకున్నవాడు వెర్రివాడు, ఆ మాటలు నిజమనుకున్నవాడు ఇంకా వెర్రివాడు. ఇరవై రెండేళ్ళుగా పక్కపక్కన కూర్చుంటున్నా న్యాగలే ఒక్కసారైనా అతన్ని పేరు పెట్టి పిలవలేదు. మేక తలకాయ అంది, కుండకి పట్టిన మసి అంది. అతనూ తక్కువ తినలేదు. అందుకని మొలకల మాటను కూడా మిగతా తిట్లతో పాటు పక్కన పడేసి, వడలు పొట్లం కట్టించుకుని ఇంటికి పోయాడు.

కూతురు అస్తాన్ వాకిట్లో ఫోన్ పట్టుకుని కూర్చుంది. సంగతి విని, "దించుకోవడమెందుకు బాబా? ఇందులో నేరుగా వినొచ్చు. అన్నిటికంటే మంచి సౌండ్ ఇది," అంది.

"పాట ఎక్కడుంది?"

"అక్కడెక్కడో, కంపెనీ వాళ్ళ దగ్గర."

"అంటే పాట వాళ్ళింట్లో, చెవి మనింట్లో, మధ్యలో తలుపు గడియ వాళ్ళ చేతిలో. రేపు పొద్దున్న గడియ తియ్యం పొమ్మంటే?"

అస్తాన్ ఏదో అంది.

"ఏంటా గొణుగుడు?"

"గొణగలేదు బాబా, మామూలుగానే చెప్పాను."

ఇది ఇంకో అనుమానం. కొన్ని నెలలుగా ఊళ్ళో జనమంతా నోట్లోనే మాట్లాడుకుంటున్నారు. బేరానికొచ్చినవాళ్ళు సగం మాట మింగేస్తున్నారు. ఇప్పుడు సొంత కూతురూ మొదలెట్టింది. ఇంతలో పెరట్లో కోడిపిల్లలు అరుస్తున్నాయని, గద్ద వచ్చిందేమోనని అస్తాన్ లేచి పరుగెత్తింది. ఏ పిల్లా అరవలేదని జుమానాకు బాగా తెలుసు. జవాబు చెప్పలేక తప్పించుకుంది, అంతే. ఫోన్‌లో పాట మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు విన్నాడు. కరిన్యాన్ లేదు.

రెండు రోజులు అతనికి అన్నం సయించలేదు. దించుకునేవాళ్ళకీ వినిపించేవాళ్ళకీ సరుకు ఒకే చోటి నుంచి వస్తోందన్నమాట. ఎక్కడి నుంచి? ఆ పాత రికార్డున్నది రేడియో స్టేషన్లో. నీళ్ళ ట్యాంకు పక్కన ఒంటి గది స్టేషన్, దాన్ని నడిపేవాడు బురామా. గురువారం మధ్యాహ్నం అక్కడ వేటగాళ్ళ పాటలు అప్పటికప్పుడు పాడి వినిపిస్తారు. గురువారాలు న్యాగలే మూకుడు దింపేసి వెళ్ళేది కూడా అక్కడికే, పాటకు కరిన్యాన్ గీయడానికి.

గురువారం జుమానా బల్ల మీది రేడియోకి చెవి ఆనించాడు. తంతులున్నాయి, గొంతుంది. అప్పటికప్పుడు గీస్తున్న కరిన్యాన్ కూడా లేదు!

అతనికి అంతా అద్దంలో కనిపించినట్టయింది. ఇది కేయిటాల కుట్ర. తన శపథం బజారంతటికీ తెలుసు. బల్ల మడిపించి, జీవితాంతం నవ్వుకోవాలని ఆ న్యాగలే గీయకుండా కూర్చుంది. బురామా ఆమెతో కుమ్మక్కయ్యాడు. టార్పాలిన్ కప్పేసి విసవిసా స్టేషన్‌కి నడిచాడు.

గది మధ్యలో అద్దం. అద్దానికి అవతల తంతులు మీటే మనిషి పక్కన న్యాగలే కూర్చుని ఉంది. కడ్డీ పట్టుకున్న చెయ్యి చకచకా ఆడుతోంది. ఇవతల స్పీకర్లో తంతులూ గొంతూ తప్ప ఏమీ లేదు. ఊరికే చెయ్యి ఆడిస్తోంది చూడు, ఎంత నాటకం! పాట అయిపోయి ఎర్ర బల్బు ఆరిందో లేదో, బురామా "అన్నా, ఆగన్నా" అంటున్నా వినకుండా తలుపు తోసుకుని లోపలికి పోయాడు.

"దొరికావే! గాలిలో గీస్తున్నావా? నా బల్ల మూయించాలనే కదా?"

"వచ్చాడమ్మా అలసందల మహారాజు!" అని న్యాగలే పకపకా నవ్వింది.

"నవ్వు తర్వాత. నా ముందు గీయి."

ఆమె గొట్టాన్ని అతని చెవి దగ్గర పెట్టి గీసింది. తంతుల మనిషి మొహం చిట్లించి తల తిప్పుకున్నాడు. వెనకే వచ్చిన బురామా చెవిలో వేలు పెట్టుకున్నాడు. వాళ్ళిద్దర్నీ జుమానా చూశాడు. అతనికి మాత్రం చెక్క మీద గోరు తగిలినట్టు ఏదో పొడిగా తగిలింది.

"ఆటలాడకు. గట్టిగా గీయి."

ఇంకా గట్టిగా గీసింది.

"గీయమంటుంటే!"

న్యాగలే నవ్వు ఆగిపోయింది. అతని మొహంలోకి చూసింది. చేతిలోని ఇనుము చూసుకుంది. కడ్డీని మెల్లగా ఒళ్ళో పెట్టుకుంది.

"జుమానా," అంది. "కూర్చో అన్నా."

ఆ నోట ఆ పేరు అతను ఎన్నడూ వినలేదు. గోడ పట్టుకున్నాడు.

"తిట్టు," అన్నాడు.

"ఏంటి?"

"అలసందల తిండిబోతూ అను. చెవుల్లో మొలకలొచ్చాయన్నావు కదా సోమవారం, అదే మళ్ళీ అను. నవ్వుతూ అను."

న్యాగలే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. జుమానాకు బతుకులో ఎప్పుడూ వెయ్యనంత భయం వేసింది. ఆ కంపెనీ వాళ్ళు, ఈ బురామా, గొణిగిన కూతురు, అరవని కోడిపిల్లలు... ఎవరూ ఏమీ దొంగిలించలేదు.

శనివారం పొద్దున్న వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. న్యాగలే మూకుడు కింద మంట తగ్గించి వచ్చి, అతని కుర్చీలో కూర్చుని, హెడ్‌ఫోన్ తగిలించుకుంది.

"లే. నేను బల్ల మడుస్తున్నాను."

"కరిన్యాన్ చచ్చిన పాట పోతే మడుస్తానన్నావు," అంది ఆమె, అతనికి తెలిసేలా గట్టిగా, మొహం అతని వైపు తిప్పి. "బతికున్న పాటే పోతుంది. వినే చెవి నీదే అయ్యుండాలని ఎప్పుడన్నావు?"

అతను వైరు వదిలేసి, దించిన పాట పెట్టాడు. ఆమె విని, పల్చగా ఉందంది. అస్తాన్ ఫోన్‌లోది విని, బాగుంది గానీ అది కార్డుకెక్కదు కదా అంది. చివరికి బురామా ఇచ్చిన పాత రికార్డు పెట్టాడు. జుమానా ఆమె మొహాన్ని కన్నార్పకుండా చూస్తున్నాడు. కేయిటాల మనిషి. ఇరవై రెండేళ్ళుగా ఆమె మాట ఒక్కటి నమ్మలేదు. కాసేపటికి ఆమె వేలు పైకి లేచింది. ఆ వేలు కడ్డీ పట్టుకున్నట్టే ఆడుతోంది.

"ఉందా?" అన్నాడు. "ఆటలొద్దు. నిజంగా ఉందా?"

"ఉంది."

జుమానా ఆమె కళ్ళలోకి చాలాసేపు చూశాడు. తర్వాత చుట్టిన వైరు విప్పాడు. నలభై కార్డుల్లో మొదటిది తీసి కంప్యూటర్లో దూర్చాడు.

న్యాగలే హెడ్‌ఫోన్ తీసేసి లేచింది. "ఎంత బాగా ఉందో నీకేం తెలుసురా, అలసందల తిండిబోతూ!"

జుమానా తలెత్తాడు.

"ఇంకోసారి అను," అన్నాడు.