స్టిక్కర్ కింది అంకె

బుధవారం పొద్దున దేవమ్మ టీ గిన్నెలోనే నీళ్లు వేడి చేసింది. అందులో నానబెట్టాల్సిన స్లైడ్లు నలభై ఒకటి. ఎనిమిదేళ్లుగా ఆమె వాటి కోసమే కాచుకొని ఉంది.

దేవమ్మది లక్డారం. భర్త నర్సింహ క్వారీలో రాయి కొట్టేవాడు. ఆమె పటాన్‌చెరులో ఒక ప్రైవేటు ల్యాబులో రాయి కోసేది. రాయిని మిషన్ మీద పలచగా కోసి, గాజుకు అంటించి, వెలుతురు అవతలికి కనబడేదాకా అరగదీయాలి. మిగిలే మందం మిల్లీమీటరులో ముప్పై మూడో వంతు. ఏడో తరగతి చదివిన దేవమ్మ పదకొండేళ్లు ఆ పని చేసింది. ప్రతి స్లైడు మూలన వజ్రపు మొన ఉన్న పెన్నుతో రాయి నంబరు గీసేది. తడిస్తే కాగితం పోతుంది, గీత పోదని ఆమెకే తోచిన పద్ధతి అది. తర్వాత దాని మీద స్టిక్కర్ పడేది. ఆ స్టిక్కర్లు అంటించేది హరినాథ్.

హరినాథ్ భూగర్భ శాస్త్రవేత్త. తండ్రి కాకినాడ నుంచి పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మన తూర్పు కనుమలు, అంటార్కిటికా తీరపు కొండలు ఒకప్పుడు ఒకే పర్వతశ్రేణి. భూమి చీలి మధ్యలోకి సముద్రం వచ్చింది. ఇక్కడి ఏ రాతి పొర అవతల ఏ పొరగా కొనసాగిందో జత కలపడం హరినాథ్ పని. అనకాపల్లి కొండల రాళ్లు, అంటార్కిటికా నుంచి ఓడలో వచ్చిన రాళ్లు రెండూ దేవమ్మ చేతి మీదుగానే వెళ్లేవి.

అతని వ్యాసం అచ్చయ్యాక ఒకాయన తప్పు పట్టాడు. అనకాపల్లి తొమ్మిదో రాయి ఫోటోలో ఉన్న పగులే అంటార్కిటికా పద్నాలుగో రాయి ఫోటోలోనూ ఉంది. రెండూ ఒకే ముక్కలోంచి కోసినవి.

“కోసే ఆవిడ కలిపేసింది” అన్నాడు హరినాథ్.

ఆ మాటతో ఉద్యోగం పోయింది. “స్టిక్కర్ పీకి సూడుండ్రి” అని దేవమ్మ మేనేజరు వెంట పడింది. అప్పటికే స్లైడ్ల డబ్బా హరినాథ్ కారులో వెళ్లిపోయింది. రాళ్లు కలిపేసిన మనిషని తెలిసి ఇంకే ల్యాబూ ఆమెను తీసుకోలేదు.

నర్సింహ వదిలెయ్యమన్నాడు. “నా కాలు మీద బండ ఏసినోన్నే నేను ఇడ్సిపెట్టిన.”

“నీ కాలు, నీ ఇష్టం. ఇది నా పేరు.”

ఆమె ఒకటే లెక్క వేసుకుంది. రాయి వయసు కొలవాలంటే స్లైడును అద్దంలా పాలిష్ చేయాలి. పాలిష్‌కు ముందు స్టిక్కర్ తీయాలి. అంత పేరున్న రాళ్ల వయసు ఎవరో ఒకరు ఎప్పుడో కొలవక తప్పదు. అందుకని పాలిష్ పని నేర్చుకుంది. పటేల్‌గూడలో రేకుల షెడ్డు వేసి, భర్త పేరుతో బోర్డు పెట్టింది. భూగర్భ శాస్త్రం చెప్పే ప్రతి కాలేజీకీ కార్డు పంపింది. వచ్చిన ప్రతి డబ్బాలోనూ ముందు వెతికింది హరినాథ్ స్టిక్కర్ల కోసమే.

పోయిన నెల అలేఖ్య అనే పరిశోధకురాలు, హరినాథ్ సర్ రాళ్ల వయసు కొలవాలి, స్లైడ్లు పాలిష్ చేస్తారా అని ఫోన్ చేసింది. బుధవారం వచ్చింది. వెనకే డబ్బా పట్టుకుని హరినాథ్. లోపల ఎవరున్నారో చూసి గుమ్మంలోనే ఆగాడు.

“నువ్వా దేవమ్మా. బాగున్నావా?”

“బాగనే ఉన్న సార్. కూసోండ్రి. మీ కోసమే తెచ్చిన కుర్చీ, ఎన్మిదేండ్లయింది. టీ ఇద్దమంటే గిన్నె ఖాళీ లేదు.”

అలేఖ్య జోకనుకుని నవ్వింది.

“స్టిక్కర్లు తీయకుండా చేయలేమా?” అన్నాడు హరినాథ్.

“తడవకుంట పాలిష్ గాదు సార్. మీకు తెల్వందా?”

“అయితే ఇంకెక్కడైనా చేయిద్దాం అలేఖ్యా.”

“ఎక్కడ సర్? రెండు నెలలు వెతికాను.”

దేవమ్మ డబ్బా అందుకుంది. అంటార్కిటికా పద్నాలుగు అని స్టిక్కర్ ఉన్న స్లైడు తీసి నీళ్లలో వేసింది. నాలుగు నిమిషాల తర్వాత స్టిక్కర్‌ను బొటనవేలితో తోసి, స్లైడునూ భూతద్దాన్నీ అలేఖ్య చేతిలో పెట్టింది.

“సదువు బిడ్డా.”

“తొమ్మిది. పక్కన గీత గీసి, రెండు.”

“అనకాపల్లి తొమ్మిదో రాయిది రెండో ముక్క. పిల్లలకు పాఠం చెప్పనీకి కావాల్నని అడిగి తీస్కపోయిండు సార్.”

హరినాథ్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. “పద్నాలుగు నా చేతిలోంచి జారి పగిలింది. మళ్లీ కోయడానికి రాయి కూడా మిగల్లేదు. కానీ జత నిజమే కదా దేవమ్మా. అక్కడిదీ ఇక్కడిదీ ఒకటే పొర. నీకూ తెలుసు.”

“అరగదీసిన చేతికి తెల్వదా? గవే ఎర్ర గింజలు, గదే గట్టితనం. మరి నిజమైనదానికి దొంగసాక్ష్యం ఎందుకు పెట్టినవ్?”

ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదలు.

“తప్పు నాదేనని రాసిస్తాను. దాంతో వదిలెయ్.”

“రాద్దువు. ముందు ఇవన్ని కానీయ్” అని మిగతా నలభై స్లైడ్లను విడతలుగా నీళ్లలోకి దించసాగింది. హరినాథ్ లేవబోతే కుర్చీ వైపు చూపించింది. అతను మళ్లీ కూర్చున్నాడు.

అలేఖ్య ఒక్కో స్లైడునూ ఫోటో తీసి, స్టిక్కర్ మీది అంకెనూ గాజు మీది అంకెనూ పక్కపక్కన రాసుకుంటూ పోయింది. నాలుగింటికి పని అయింది. పద్నాలుగు కాక, రెండు అంకెలూ కలవనివి ఇంకో ఐదు.