స్కానింగ్‌కి తోడొచ్చిన బాబాయి

బావా, బాగున్నావా? నీ మెసేజ్‌కి జవాబు వారం ఆలస్యమైంది, ఏమనుకోకు. అది వచ్చిన రోజే మా ఊరి ఆర్‌ఎంపీ బాబాయి గుండె ఆగి పోయాడు. "బీజంలో గోలీకాయంత గడ్డ తగులుతోంది, నొప్పి లేదు, ఏం కాదుగా?" అని అడిగావు. ఆయన సంగతి చెబితేనే నీకు జవాబు చెప్పినట్టు.

మూడేళ్ల కిందట నాకూ ఇలాగే గడ్డ తగిలింది. అక్కడ వాపని ఎవరొచ్చినా బాబాయి తలుపేసి, లైటార్పి, వెనక టార్చి పెట్టి చూసేవాడు. నీరైతే వెలుగు ఎర్రగా ఇవతలికి కనపడుతుంది. నా గడ్డలో అలా కనపడలేదు.

"ఏం కాదుగా బాబాయ్?"

"నాకేం తెలుసురా? నా కళ్లేమన్నా స్కానింగ్ మిషనా? పద పేటకి."

"పైపుల కొట్లో బేరాలున్నయ్. ఆదివారం పోదాం."

"నీ పైపులెవుడూ ఎత్తుకుపోడులే. చొక్కా మార్చుకో."

నరసరావుపేట స్కానింగ్ సెంటర్ నిండా కడుపుతో ఉన్న ఆడవాళ్లే. "బీజాల స్కానింగ్ ఎవరండీ?" అని కౌంటర్లో అమ్మాయి గట్టిగా పిలిచింది. నేను ఫోన్లో తల పెట్టేశాను. బాబాయి టక్కున లేచాడు.

"నేనేనమ్మా. వీడు నాకు తోడు."

"ఈ వయసులో నీకేందయ్యా ఆ స్కానింగు?" అంది ఓ ముసలామె.

"ఉన్నయ్‌గా, చూపిచ్చుకోవద్దా?"

అందరూ నవ్వుతుంటే నేను లోపలికి జారుకున్నాను.

రక్తం పారేది రంగుల్లో చూపే స్కాన్ కూడా చేశారు. గడ్డలోకి రక్తం పోవడం లేదు, లోపల ఉల్లిపాయ పొరల్లా ఉంది. "మంచి గడ్డలాగే ఉంది. రక్తపరీక్షలు కూడా చూసి సర్జన్ తేల్చాలి" అన్నాడు డాక్టరు. చివరికి గడ్డ ఒక్కటే తీసి పరీక్షకి పంపారు. క్యాన్సర్ కాదు. బీజం దక్కింది.

రిపోర్టు తెచ్చుకున్న రోజు బస్సులో నేను సంబరంగా వాగుతుంటే బాబాయి మొహంలో నవ్వు లేదు. అంతకుముందెప్పుడో తన దగ్గరికి వచ్చిన లారీ డ్రైవరు సంగతి చెప్పాడు.

"వాడూ నొప్పి లేదన్నాడురా. ఏం కాదులే అని రెండు నెల్లు బిళ్లలిచ్చా. స్కానింగ్‌కి పోయేసరికి క్యాన్సర్ పొట్టలోకి పాకింది. వాడి రెండు నెల్లు నేనే తిన్నా."

డ్రైవరు బతకలేదు. ఆ తర్వాత పసిపిల్లల జలుబుకి కూడా బాబాయి "ఏం కాదులే" అనలేదు.

పోయిన వారం ఆయన్ని శ్మశానానికి తీసుకెళ్తుంటే ఆ డ్రైవరు భార్య వచ్చింది. గేటు దగ్గరే నిలబడింది. ఏడవలేదు, లోపలికి రాలేదు. ఎందుకొచ్చిందో నాకు తెలీదు.

మిర్చి అమ్ముడయ్యాక చూపించుకుంటానని రాశావు. వద్దు బావా. అది ఏంటో నీకూ తెలియదు, నాకూ తెలియదు. నువ్వు వినుకొండ నుంచి రా, నేను గురజాల నుంచి వస్తాను. పేట బస్టాండులో ఎప్పుడు కలుద్దాం, రేపా, ఎల్లుండా?