అల్లం బస్తాల కింది కారు

మొన్న ఒక ఆదివారం పొద్దున ముంబయి రోడ్డు మీద టీ తాగుతూ నిలబడితే, హైదరాబాదు వైపు నుంచి పాతకాలపు కార్ల వరుస ఒకటి వచ్చి ఆ హోటలు ముందే ఆగింది. వాటి యజమానులు దిగి ఏ కారు ఏ సంవత్సరపు మోడలో ఒకరికొకరు గర్వంగా చెప్పుకుంటుంటే, చెరుకు లారీల డ్రైవర్లు టీ గ్లాసులు పట్టుకుని చుట్టూ మూగారు. నేనూ మూగాను గాని, నా బుద్ధి మాత్రం తళతళలాడే ఆ బంపర్ల మీద నిలవలేదు. మా మామయ్యగారి ఊళ్లో, అల్లం బస్తాల కింద పడి ఉన్న ఒక ఇనుప చట్రం దగ్గరికి వెళ్లిపోయింది.

నేను కృష్ణా జిల్లావాణ్ణి. ఇక్కడి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో రంగులు వేసే విభాగంలో ఉద్యోగం వచ్చి జహీరాబాదు చేరాను. ఝరాసంగం దగ్గరి ఒక రైతు కుటుంబంలో పిల్లను చేసుకుని ఇక్కడే ఉండిపోయాను. నాకు రంగులు తప్ప ఇంకేమీ తెలియదని ఎంత మొత్తుకున్నా అత్తవారింట్లో ఎవరూ వినేవారు కాదు. అల్లుడు ఇంజినీరు కాబట్టి బోరు మోటారు మొరాయించినా, మిక్సీ మూలిగినా నాకే కబురు. పండక్కి వెళ్లినా జేబులో ఒక స్క్రూడ్రైవరు పెట్టుకుని వెళ్లడం నాకు అలవాటైంది.

వాళ్ల కొట్టంలో ఒకప్పటి విలాయతి కారు చట్రం ఉండేది. మామయ్య వాళ్ల నాన్నగారు నడిపించిన కారది. ఇంజను ఏనాడో నీళ్లు తోడే పనికి పోయి అక్కడే ప్రాణం విడిచింది. తలుపులు కోళ్ల గూటికి పోయాయి. మిగిలిన చట్రాన్ని రాళ్ల మీద నిలబెట్టి, నేల చెమ్మ తగలకుండా దాని మీద విత్తనపు అల్లం బస్తాలు పేర్చేవారు. అయినా దానికి మర్యాద తగ్గలేదు. ప్రతి దసరాకీ బస్తాలు దించి, కడిగి, ఆ ఏడు ఇంట్లో ఏ రంగు మిగిలితే ఆ రంగు పూసి, పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయ కోసేవారు. చక్రాలు లేని బండికి చక్రాల కింద పెట్టాల్సిన నిమ్మకాయలెందుకని నేనొకసారి అడిగితే, మా అత్తగారు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆ పూజకు తప్పకుండా వచ్చేది మామయ్యగారి అక్క. వరసకు నాకు పెద్దమ్మ. రాయికోడ్ వైపు ఒక ఊరి కోడలు. బక్క పలచటి మనిషి, గొంతు మాత్రం కొట్టం దాటి వినిపించేది. కుంకుమ బొట్టు ఆమే పెట్టాలి, చట్రం ముందు భాగాన, కుడి పక్కనే పెట్టాలి. ఆ వెంటనే ఏటేటా జరిగే తగువు మొదలయ్యేది.

"నా పెండ్లయినంక నా కోసం కొన్నడు నాయిన ఈ కారు," అనేది పెద్దమ్మ.

"నేను పుట్టినంక కొన్నడక్కా. కొడుకు పుట్టిండని పట్నంకెళ్లి కొత్త కారు తెచ్చిండని ఊరంత చెప్తుండె. ఆడివిల్ల కోసం కార్లు కొంటరా ఎవరన్న?" అనేవాడు మామయ్య.

పెద్దమ్మ పెళ్లయిన రెండేళ్లకు మామయ్య పుట్టాడు. ఆమె చెప్పేదేమిటంటే, పెళ్లయిన మొదటి ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింట్లో ఉండాలి. ఆ ఏడు వానలకు నల్లరేగడంతా బురదై బండ్లు కదలడం లేదు. వచ్చే ఏడు పంపుతాంలే అన్నారట అత్తవారు. ఊరు కాని ఊళ్లో, అమ్మ మీద బెంగతో ఆ చిన్నపిల్ల అన్నం మానేసి కూర్చుంటే, ఒకరోజు వాకిట్లో తండ్రి తెచ్చిన కారు హారను మోగిందట. తీరా తిరుగు ప్రయాణంలో కారూ బురదలో దిగబడి, రెండు జతల ఎడ్లను కట్టి లాగించారనుకోండి. ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి పెద్దమ్మ ఏటేటా నవ్వేది. చిన్నప్పటి సంగతులు, ఏ ఏటివో కలిసిపోయి ఉంటాయని ఇంట్లో అందరూ కొట్టిపారేసేవారు. అప్పుడు మాత్రం ఆమె ముఖం చిన్నబోయేది. చూసిన పెద్దలెవరూ మిగల్లేదు మరి.

ఒక దసరానాడు నా నోరు ఊరుకోక, ప్రతి చట్రం మీదా ఒక నంబరు కొడతారనీ, దాన్నిబట్టి అది ఏ సంవత్సరానిదో తెలుస్తుందనీ అన్నాను. కొత్త కారేనని ఇద్దరూ ఒప్పుకున్నదే కాబట్టి, తయారైన ఏడు తెలిస్తే తగువు తీరినట్టే. పెద్దమ్మ నా చేయి పట్టుకుంది. "జర చూడు బిడ్డా. నేను పోయే లోపట తెల్వాలె. మా నాయిన నా కోసమొచ్చిండా, ఊకె నేనే అనుకుంటున్ననా," అంది. ఇనుము గురించి ఆ ఇంట్లో నన్నడిగిన వాటిల్లో, తప్పకుండా చేయాలనిపించిన పని అదొక్కటే.

వెతికితే నంబరెక్కడా లేదు. ఉంటే కుడి పక్కన, స్టీరింగు బిగించే చోటి దగ్గర ఉండాలి. అంటే సరిగ్గా పెద్దమ్మ బొట్టు పెట్టే చోటే! ఇన్నేళ్ల పసుపూ కుంకుమా నూనె రంగులతో కలిసి అక్కడ అట్టలు కట్టేశాయి. ఇక రంగు తీసే మందూ తీగ బ్రష్షూ తెచ్చి కూర్చున్నాను. పెద్దమ్మ ఎదురుగా కుర్చీ వేయించుకుంది. పైన నేనే తెచ్చిచ్చిన ట్రాక్టరు ఎరుపు. దాని కింద కిటికీల ఆకుపచ్చ. ఆ కింద మా పెళ్లికి గేటుకు వేసిన నీలం. పొర పొరకీ మామయ్య ఏదో ఒక సంగతి చెబుతూనే ఉన్నాడు. అన్నిటికన్నా అడుగున నల్లరంగు, దాని కింద అంకెలు. ఫ్యాక్టరీలో చేసినట్టే కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసి, ఫోటో పట్టి, హైదరాబాదులో పాత కార్లు బాగుచేసే ఒకాయనకు పంపాను.

మర్నాడు ఆయన ఫోను చేసి బ్రేకులకు నూనె గొట్టాలున్నాయా, ఇనుప కడ్డీలా అని అడిగాడు. కడ్డీలే అన్నాను. అయితే అనుమానమే లేదు, నంబరు చెప్పేదీ అదే, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన బండి అన్నాడు. అంటే పెద్దమ్మ కంటే కూడా పెద్దది!

"అంటె మా నాయిన పాత కారు కొన్నడా?" మామయ్యకు తల కొట్టేసినట్టయింది. "గట్లెట్లయితది? కొడుకు పుట్టిన సంబరానికి ఎవరన్న పాతది కొంటరా?"

అని, తన మాట తనకే వినిపించినట్టు ఆగిపోయాడు.

పెద్దమ్మ మెల్లగా లేచి వచ్చి, గీకిన చోట అంకెల మీద చేయి పెట్టింది. "కొత్త కారు రావాలంటె ఎన్ని దినాలు చూడాలెనో తమ్మీ. ఆషాఢం ఆగుతదారా?" అంది. కళ్ల నీళ్లు తుడుచుకోవాలని కూడా ఆమెకు తోచలేదు. "దొరికిన బండేసుకొని ఉరికొచ్చిండు మా నాయిన."

మామయ్య లోపలికి పోయి కుంకుమ భరిణె తెచ్చి అక్క చేతికిచ్చాడు. "పెట్టక్కా. నీ కారే," అన్నాడు.

పెద్దమ్మ పోయి కొన్నేళ్లయింది. ఆ అంకెలున్న చోట ఇప్పుడు ఎవరూ రంగు వేయరు. దసరాకి బొట్టు మామయ్యే పెడతాడు, అంకెలు కనపడేలా కాస్త పక్కన. అల్లం కొనడానికి వచ్చిన వాళ్లెవరైనా బస్తాల కిందకి తొంగి చూసి, ఇది ఏ మోడలని అడిగితే, "ఆషాఢం మోడల్," అంటాడు.

ఆ కార్లవాళ్లు తమ కార్ల సంవత్సరాలు చెప్పుకుంటుంటే ఇదంతా చెబుదామని నోటిదాకా వచ్చి ఊరుకున్నాను. బండి ఫ్యాక్టరీలో ఏ ఏడు తయారైందో ఇనుము చెబుతుంది గాని, మన వాకిట్లోకి మన కోసం వచ్చి ఆగిన రోజు మనకే గుర్తుండాలి, మన వయసులో లెక్కకు వచ్చేవి అలాంటి రోజులే.