ఒంటిపూట నియమం

గద్వాల నుంచి ఏటా కొండ మీది దేవుడికి ఒక పంచెల జోడు పోతుంది. దాన్ని నేసేవాళ్లు దీక్షలో ఉంటారు. మధ్యాహ్నం ఒక్కపూటే భోజనం. నేల మీద పడక. కల్లు మాటే లేదు. అంతవరకు "ఏరా" అన్నవాళ్లు కూడా ఆ మగ్గం ఎక్కిన మనిషిని "ఏమయ్యా" అంటారు. దశరథం తండ్రి ఆ మగ్గం మీద కూర్చున్నవాడు. దశరథం కోరుకున్నది కూడా అదే. నలభై ఏడో ఏట అతని పేరు పిలిచారు.

అంతకు కొన్ని నెలల ముందే అతనికి చక్కెర జబ్బు బయటపడింది. కర్నూలులో డాక్టరు గోలీలు రాసి, పొద్దున్నే వేసుకో, ఒక్కరోజు కూడా మానవద్దు అన్నాడు. ఎన్ని పూటలు తింటావని అడగలేదు. ఇతనూ చెప్పలేదు. కాగితం మీద ఏముందో చదివేవాళ్లు ఇంట్లో లేరు. వీధిలో ఎవరితోనైనా చదివించుకుంటే తెలిసిపోతుంది.

చెప్పుకునే జబ్బు కాదది. షావుకార్లకు రావలసింది నేతవాడికి వచ్చిందంటే ఏ పాపం చేశాడో అంటారు. పైగా గోడ వెనక తాను కూర్చుని లేచిన చోట చీమలు పట్టడం అతను కళ్లారా చూశాడు. ఒంట్లోంచి పోయే నీటికి చీమలు పడితే చేతి చెమటకు పడవా? ఆ చేతులతో దేవుడి పంచె ముట్టవచ్చా? ఎవరినీ అడగలేదు. మాటిమాటికీ చేతులు కడుక్కునేవాడు. గోలీల సంగతి భార్య జమ్ములమ్మకు ఒక్కదానికే తెలుసు.

ఆ మగ్గం వెడల్పైనది. ఇద్దరు పక్కపక్కన మగ్గం గుంటలో కూర్చుని, అడ్డపోగు తీసుకుపోయే నాడెను ఒకరికొకరు విసురుకోవాలి. అతని పక్కన రాజమౌళి. దీక్షకు మనుషుల్ని పిలిచే పెద్ద కురుమయ్య పక్కన నిలబడి అంచు సరిచూసేవాడు. దశరథం అస్తమానం గుంటలోంచి లేచి బయటికి పోయేవాడు.

"ఏం మామా, కృష్ణ నీళ్లన్ని నీ కడుపులనే ఉన్నయా?" అన్నాడు రాజమౌళి. "జూరాల కాడ ఆనకట్టకు గన్నేండ్ల సంది తండ్లాడవట్టిరి. నీకే కట్ట పోస్తే అయిపోతుండె."

అందరూ నవ్వారు. దశరథం కూడా నవ్వాడు.

మధ్యాహ్నం అన్నం తెచ్చినప్పుడు జమ్ములమ్మ గొంతు తగ్గించి అడిగేది.

"పొద్దుగాల గోలీ మింగుతవ్. పగటిదాంక మెతుకు ముట్టవ్. జర పాలన్న తాగు."

"ఒంటిపూటంటే ఒంటిపూటనే."

"అయితే గోలీ బంద్ చెయ్యి."

"మానొద్దని డాక్టరు సెప్పె గద."

దేవుడి మాటా తప్పలేదు, డాక్టరు మాటా తప్పలేదు. మొదటి వారంలోనే ఒకరోజు పొద్దెక్కేసరికి చేతులు వణికాయి. ఒళ్లంతా చెమట. రాజమౌళి విసిరిన నాడెను పట్టుకోలేకపోయాడు. ఏమైందని కురుమయ్య అడిగాడు.

"నువ్వెవనివిర నన్నడిగెటందుకు," అన్నాడు దశరథం. నాలుక మడతపడింది. లేవబోయి మగ్గం మీద పడ్డాడు. పోగులు తెగాయి.

"తాగొచ్చిండు," అన్నారు ఎవరో.

"వాసనస్తలేదు గద," అంటూ రాజమౌళి అతని కండెల బుట్టలో చెయ్యి పెట్టాడు. గోలీల పట్టీ దొరికింది. "ఇగో. నిషా గోలీలు. కల్లుల కలుపుతరు సూడు, గవ్వే."

కురుమయ్య నైవేద్యానికి ఉంచిన బెల్లం నీళ్లలో కలిపి దశరథం నోట్లో పోశాడు. కాసేపటికి దశరథం లేచి కూర్చున్నాడు. దేవుడి బెల్లం నిషా దించిందని అందరూ దండం పెట్టుకున్నారు.

అప్పుడే జమ్ములమ్మ అన్నం గిన్నెతో గుమ్మంలోకి వచ్చింది.

"ఏందిర ఇవి?" కురుమయ్య పట్టీ చూపించాడు.

మత్తులో పడినవాడు తప్పు ఒప్పుకుంటే వచ్చే ఏడాది మళ్లీ పిలుస్తారు. చక్కెర ఉన్నవాణ్ణి ఎప్పటికీ పిలవరు. దశరథం భార్య వైపు చూశాడు, నోరు తెరవవద్దని.

"నిషాయే పెద్దయ్యా. తప్పైంది."

"ఇగ ఈ గోలీలు ముట్టనని మగ్గం మీద సెయ్యి పెట్టి ఒట్టెయ్యి."

వేశాడు.

ఆ ఏటికి అతని చోట ఇంకొకణ్ణి కూర్చోబెట్టారు. ఇంటికి వచ్చాక జమ్ములమ్మ అడిగింది. "అబద్ధం మీద ఏసింది ఒట్టెట్లయితది?"

"అబద్ధం నాది. ఒట్టు దేవునిది."

గోలీలు మానేశాడు. నల్లా దగ్గర ఆడవాళ్లు జమ్ములమ్మను ఆపేవారు. "మీ ఆయన గోలీలు మాకు గూడ రెండియ్యరాదే అక్కా, పండుగ జేసుకుంటం." ఆమె బిందె నిండకముందే ఎత్తుకుని వచ్చేసేది.

కొన్ని నెలలకు ఇంటి మగ్గం గుంటలో అతని కాలికి మేకు గీరుకుంది. అతనికి తెలియనే లేదు. నెత్తురు చూసి జమ్ములమ్మ చెప్పింది. పసుపు పెట్టి గుడ్డ చుట్టాడు. పుండు మానలేదు. వాసన మొదలైంది. ఎవరైనా ఇంటికి వస్తే గుంటలోంచి లేచేవాడు కాదు.

మళ్లీ దీక్షల కాలం వచ్చింది. ఈసారి రమ్మని కురుమయ్య కబురు పంపాడు. జమ్ములమ్మ పాత మందుల కాగితం తీసుకుని ఒక్కతే కర్నూలు డాక్టరు దగ్గరికి పోయింది. తిరిగి వచ్చి నేరుగా కురుమయ్య ఇంటికి వెళ్లింది. ఆయన వెంటనే వచ్చాడు.

"కాలు బయటికి తియ్యి."

"ఏం లేదు పెద్దయ్యా."

"నీ పెండ్లాం అంత సెప్పింది. ఖాళీ కడుపున గోలీ పడి గట్ల పడ్డవంట. నిషా అని ఎందుకు ఒప్పుకుంటివిర?"

"మళ్ల పిలుస్తరని."

కురుమయ్య గడప మీద కూర్చున్నాడు.

"ఒట్టు నేనేయిస్తి. నేనే తీసేస్తున్న. మింగు."

"మరి పంచెలు?"

"ఒంటిపూట నీతోని కాదు గదర," అన్నాడు కురుమయ్య. లేచి వెళ్లిపోయాడు.

కర్నూలులో రెండు కాలివేళ్లు తీసేశారు. అతను ఇంటికి వచ్చిన వారానికి దీక్ష మొదలైంది. ఆ పొద్దున జమ్ములమ్మ గోలీ ఇచ్చి, వెంటనే జొన్నరొట్టె ముందు పెట్టింది. స్నానాలు చేసి దేవుడి మగ్గానికి పోయేవాళ్లు వీధిలో నడుస్తున్నారు.

"తలుపు దగ్గరికెయ్యి," అన్నాడు.

ఆమె వెయ్యలేదు. అతను వీధికి వీపు తిప్పి కూర్చుని రొట్టె తుంచాడు.